పిల్లల్లో ‘నేను’ ఎలా తయారవుతుంది?

“నీ గురించి చెప్పు” అని నాలుగేళ్ల పిల్లవాణ్ణి అడిగితే జవాబు ఇలా ఉంటుంది: “నాకు అక్షరాలన్నీ వచ్చు. నేను అందరికంటే స్పీడుగా పరిగెడతా. నా సైకిల్ ఎర్రది. నాకు భయమే వెయ్యదు.” అక్షరాలన్నీ రావని పక్కనున్న వాళ్లమ్మకు తెలుసు. రాత్రి లైటు తీస్తే ఏడుస్తాడనీ తెలుసు. అదే ప్రశ్న తొమ్మిదేళ్ల అమ్మాయిని అడిగితే, “సైన్సులో పర్లేదు, లెక్కల్లో మాత్రం మా క్లాసులో చాలామంది నాకంటే ముందుంటారు. ఫ్రెండ్స్ బాగానే ఉన్నారు, కానీ నాకు కోపం ఎక్కువంటారు” అంటుంది. పదిహేనేళ్లవాళ్ల జవాబు ఇంకోలా ఉంటుంది: “ఫ్రెండ్స్‌తో ఉంటే గోలగోలగా ఉంటా. ఇంట్లో నోరు విప్పబుద్ధి కాదు. ఇందులో అసలు నేనెవరో నాకే తెలీదు. రెండూ నటనేమో.”

ఈ మూడు జవాబులూ మచ్చుకు నేను రాసినవే. కానీ మనోవిజ్ఞాన పరిశోధకులు దశాబ్దాలుగా పిల్లల నోట వింటున్న జవాబుల తీరు సరిగ్గా ఇదే. వరుసగా చదివితే పెద్దవాళ్లకు కంగారు పుట్టడం సహజం. అంత హుషారుగా, ధీమాగా ఉన్న పిల్లవాడు పెరిగేకొద్దీ ఇలా అయిపోయాడేమిటి? ఎవరేమన్నారు? ఎక్కడ పొరపాటు జరిగింది?

చాలాసార్లు ఎక్కడా ఏ పొరపాటూ జరగదు. ఇతరులతో పోల్చుకోవడం చేతకాని వయసులో ధీమా ఊరికే వస్తుంది. పోల్చుకోవడం వచ్చాక దానికి ఆధారం చూపించుకోవాల్సి వస్తుంది. తమ గురించి పిల్లలు గీసుకునే బొమ్మ మసకబారినట్టు కనిపించే ప్రతి మలుపు దగ్గరా, వెనకాల ఒక కొత్త ఆలోచనాశక్తి వచ్చి చేరి ఉంటుంది. వికాస దశలను పట్టికలుగా బట్టీ పట్టేవాళ్లకు తరచూ అందకుండా పోయేది ఈ సంగతే.

ముందుగా రెండు మాటలను విడదీసుకోవాలి. ఆత్మభావన అంటే తనెలాంటి మనిషో తన దగ్గరున్న వర్ణన. ఆత్మగౌరవం అంటే ఆ వర్ణనకు తను కట్టుకునే విలువ. “నేను పొట్టిగా ఉంటాను” అన్నది వర్ణన. అందుకు కుమిలిపోవడమో, అసలు పట్టించుకోకపోవడమో విలువకు సంబంధించిన విషయం. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే “పిల్లలకు ఆత్మవిశ్వాసం పెంచాలి” అనే సలహా అంత సులువుగా దొరుకుతుంది, అంత తక్కువగా పనిచేస్తుంది.

ఈ విషయంలో అమెరికన్ మనోవిజ్ఞానవేత్త విలియం జేమ్స్ 1890లోనే ఒక చిన్న సూత్రం చెప్పాడు. మనిషి సాధించినదాన్ని అతను ఆశపడినదానితో భాగిస్తే వచ్చేదే ఆత్మగౌరవం అన్నాడు. తనకు గ్రీకు భాష ఏమాత్రం రాకపోయినా చీమ కుట్టినట్టుండదని, మనోవిజ్ఞానంలో మాత్రం తనకంటే ఎక్కువ తెలిసినవాడు ఎదురైతే తల కొట్టేసినట్టుంటుందని తన సంగతే ఉదాహరణగా రాశాడు. ప్రపంచంలో రెండో స్థానంలో ఉన్న బాక్సర్ మొదటి స్థానం రానందుకు సిగ్గుతో చితికిపోవడం ఎంత వింతో చూడమన్నాడు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఈ సూత్రంలో ఒక చిక్కుంది. భాగహారం చెయ్యాలంటే రెండు అంకెలూ చేతిలో ఉండాలి. నాలుగేళ్లవాడి దగ్గర రెండో అంకె ఇంకా లేదు.

మొదటి ఆనవాళ్లు

పుట్టిన పిల్లకు తానొకటి, ప్రపంచం ఒకటి అనే తేడా ఏమీ తెలియదని చాలాకాలం నమ్మారు. అది పూర్తిగా నిజం కాదు. పసిబిడ్డ చెంపను తాకితే అటు తల తిప్పి నోరు తెరుస్తుంది. ఫిలిప్ రోషా, సూసన్ హెస్పోస్ 1997లో ఒక రోజైనా నిండని శిశువులను గమనించారు. వేరొకరి వేలు తగిలినప్పుడు ఈ కదలిక ఎక్కువగా ఉంది, బిడ్డ చెయ్యే బిడ్డ చెంపకు తగిలినప్పుడు బాగా తక్కువగా ఉంది. అంటే తన ఒంటి స్పర్శకూ పరాయి స్పర్శకూ తేడా ఒంటికి తెలుస్తోంది. దాన్ని ‘నేను’ అనేంత దూరం వెళ్లలేం గానీ, ఆ తర్వాత వచ్చేదానికి పునాది అక్కడే ఉంది.

అద్దం పరీక్ష గురించి చాలామంది వినే ఉంటారు. గోర్డన్ గాలప్ 1970లో చింపాంజీల మీద చేశాడు. ఆయనతో సంబంధం లేకుండా బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ 1972లో పసిపిల్లల మీద చేసిన ప్రయోగం ప్రచురించింది. పిల్లకు తెలియకుండా ముక్కు మీద ఎర్రరంగు పూసి అద్దం ముందు కూర్చోబెడతారు. ఏడాది వయసు పిల్ల అద్దంలోని పాపను చూసి నవ్వుతుంది, అద్దం వెనక్కి తొంగి చూస్తుంది. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్యకు వచ్చేసరికి చాలామంది పిల్లలు అద్దాన్ని వదిలేసి తమ ముక్కును తడుముకుంటారు. కొందరు సిగ్గుపడి మొహం తిప్పేసుకుంటారు. ఇంచుమించు అదే కాలంలో “నాది” అనే మాట ఇంట్లో మారుమోగడం మొదలవుతుంది. ఆ మాట విని స్వార్థమని విసుక్కునే పెద్దవాళ్లున్నారు. ‘నేను’ అనేది ఎక్కడిదాకా ఉందో పిల్ల కొలుచుకుంటోంది, అంతే.

అద్దం పరీక్షకు ఒక హెచ్చరిక జోడించాలి. హైడీ కెల్లర్ బృందం 2004లో కామెరూన్‌లోని న్సో రైతు కుటుంబాల పిల్లలను, కోస్టారికా పిల్లలను, గ్రీసు నగర పిల్లలను పోల్చింది. అద్దంలో తమను గుర్తుపట్టడంలో గ్రీకు పిల్లలు ముందున్నారు. పెద్దలు చెప్పింది విని తమను తాము అదుపులో పెట్టుకోవడంలో న్సో పిల్లలు ముందున్నారు. ఎటువంటి పెంపకంలో ఏది ముందు పండుతుందన్న తేడానే తప్ప, ఒకరు వెనకబడ్డారని కాదు. దశలకు వయసులు రాసిపెట్టిన ప్రతి పట్టికనూ ఈ సంగతి గుర్తుంచుకుని చదవాలి.

ముక్కు తడుముకున్నంత మాత్రాన పని అయిపోలేదు. డేనియల్ పొవినెల్లి బృందం 1996లో ఒక ఆట ఆడించింది. పిల్లలతో ఆడుతూ ఆడుతూ వాళ్లకు తెలియకుండా తల మీద ఒక పెద్ద స్టిక్కర్ అంటించి, ఆ ఆటంతా వీడియో తీసి, కొన్ని నిమిషాల తర్వాత వాళ్లకే చూపించారు. మూడేళ్లవాళ్లు తెర మీద ఉన్నది ఎవరంటే తమ పేరే చెప్పారు. స్టిక్కరూ కనిపించింది. కానీ ఎక్కువమంది చెయ్యి మాత్రం తల మీదికి పోలేదు. నాలుగేళ్లవాళ్లలో చాలామంది వెంటనే తీసేసుకున్నారు. అద్దంలో ఉన్నది ఇప్పటి నేను. వీడియోలో ఉన్నది కాసేపటి కిందటి నేను. ఆ నేనూ ఈ నేనూ ఒకటేనన్న దారం కట్టుకోవడానికి మరో రెండేళ్లు పడుతోందన్నమాట.

ఆ దారం పేనడంలో పెద్దవాళ్ల మాటలకు పెద్ద పాత్ర ఉంది. “నిన్న ఏం చేశాం? అప్పుడు నువ్వెందుకు ఏడ్చావు? తర్వాత ఎవరొచ్చారు?” అని జరిగిన సంగతుల్ని విడమరిచి కబుర్లాడే తల్లుల పిల్లలు, తమ గతాన్ని మరింత వివరంగా చెప్పగలుగుతారని రాబిన్ ఫైవుష్ తదితరుల పరిశోధనలు చూపించాయి. పెద్దయ్యాక మన తొలి జ్ఞాపకాలు సాధారణంగా మూడు, మూడున్నరేళ్ల వయసు దగ్గర ఆగిపోవడానికి ఇదీ ఒక కారణమని కొందరి వాదన. దాచుకోవడానికి ‘నా కథ’ అనే సంచీ అప్పటికి ఇంకా కుట్టలేదు.

అన్నీ వచ్చిన నాలుగేళ్లు

మొదట్లో చూసిన నాలుగేళ్లవాడి దగ్గరికి మళ్లీ వద్దాం. అతను గొప్పలు పోతున్నాడా? లేదు. ఈ వయసులో ఆత్మభావన కంటికి కనిపించే ముక్కలతో తయారవుతుంది: ఎర్ర సైకిల్, పొడుగు జడ, గెంతడం, తమ్ముడు. “నేను తెలివైనవాణ్ణి” లాంటి గుణం పేరు ఇంకా రాలేదు, వచ్చినా దాని వెనక ఒకే ఒక్క పని ఉంటుంది. చెయ్యాలనుకున్నదానికీ చెయ్యగలిగినదానికీ మధ్య గీత సన్నగా ఉంటుంది. తనను తాను ఎవరితోనైనా పోల్చుకుంటే, అది పోయినేడాది తనతోనే. పోయినేడాది షూ వేసుకోవడం రాదు, ఇప్పుడొచ్చు. ఆ లెక్కన చూస్తే ఎప్పుడూ గెలుపే. డయాన్ రూబుల్ బృందం 1980లో ప్రచురించిన ప్రయోగాల్లో, తోటి పిల్లలు ఎలా చేశారో చెప్పినా చిన్నపిల్లలు ఆ సమాచారంతో తమను తాము అంచనా వేసుకోలేదు. ఏడెనిమిదేళ్లు దాటాకే అది మొదలైంది.

కాబట్టి ఈ వయసు ధీమా చూసి మురిసిపోవచ్చు గానీ, దాన్ని పెంపకం ఘనతగా రాసుకోవడం తొందరపాటు. ఒక మినహాయింపు మాత్రం ఉంది. తిట్లు, దెబ్బలు, నిర్లక్ష్యం మధ్య పెరిగే పిల్లలు ఇదే వయసులో అంతా మంచే అనడానికి బదులు అంతా చెడే అనగలరు. రెండు వైపులూ ఒకేసారి చూడలేని బుద్ధి ఏ వైపుకైనా పూర్తిగా ఒరిగిపోతుంది.

తరగతి గదిలో తక్కెడ

ఎనిమిదేళ్ల తర్వాత మూడు మార్పులు దాదాపు ఒకేసారి వస్తాయి. విడివిడి పనులను కలిపి ఒక గుణం పేరు పెట్టడం వస్తుంది: బాగా చదువుతా, కథలు రాస్తా, కాబట్టి నేను తెలివైనదాన్ని. ఒకే మనిషిలో మంచీ చెడూ పక్కపక్కన ఉండొచ్చని తెలుస్తుంది. తోటివాళ్లతో పోల్చుకోవడం వస్తుంది. సరిగ్గా ఈ వయసులోనే బడి మార్కులు, ర్యాంకులు, టీముల్లో ముందు ఎవర్ని ఎంచుకున్నారు, చివర్లో ఎవరు మిగిలారు అన్నవి రోజూ చేతికందిస్తుంది. పోలిక నేర్చుకున్న బుద్ధికి పోల్చుకోవడానికి సరుకు దొరికింది. తొమ్మిదేళ్ల అమ్మాయి “లెక్కల్లో వెనక” అన్నదంటే ఆమెకు నమ్మకం పోయిందనుకోనక్కర్లేదు. ఆమె అంచనా మొదటిసారి నిజానికి దగ్గరగా వచ్చింది. టీచర్ అంచనాతో పిల్లల అంచనా ఎక్కువగా కలవడం మొదలయ్యేదీ ఈ ఏళ్లలోనే.

మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ 1950లో చెప్పిన ఎనిమిది మనోసాంఘిక దశల్లో ఇది నాలుగోది, శ్రమశీలత–న్యూనత. ఏదో ఒక పని చేతనవుతుందన్న అనుభవం దక్కకపోతే, “నేను దేనికీ పనికిరాను” అన్నది ఆ జాగాలో కూర్చుంటుందని ఆయన భయం. ఈ ‘దేనికీ’ అన్నచోటే సూసన్ హార్టర్ పని అక్కరకొస్తుంది. 1985లో ఆమె తయారుచేసిన కొలమానం పిల్లలను ఒకే ప్రశ్న అడగదు. చదువు, తోటివాళ్ల ఆదరణ, ఆటలు, రూపం, నడవడిక అని ఐదు రంగాలను విడివిడిగా అడిగి, మొత్తమ్మీద తన మీద తనకున్న అభిప్రాయాన్ని వేరుగా అడుగుతుంది. చదువులో తక్కువ వేసుకున్న పిల్లవాడు మొత్తమ్మీద తనంటే తనకు ఇష్టమేనని చెప్పొచ్చు. మంచి మార్కుల పిల్ల దానికి పూర్తిగా ఎదురు చెప్పొచ్చు. ఎందుకంటే లెక్కలోకి వచ్చేది తను ముఖ్యమనుకున్న రంగమే. జేమ్స్ సూత్రంలో రెండో అంకె వచ్చేసింది. ఆ ఐదింటిలో మొత్తం అభిప్రాయంతో అన్నిటికంటే గట్టిగా ముడిపడి ఉన్నది రూపమని హార్టర్ మళ్లీ మళ్లీ కనుక్కుంది. చదువు గురించి అంత ఆరాటపడే పెద్దవాళ్లం ఈ మాట దగ్గర కాస్త ఆగాలి.

పోలికకు ఇంకో వింత గుణముంది. అది ఎవరి పక్కన నిలబడ్డామన్నదాన్ని బట్టి మారుతుంది. ఒకే సామర్థ్యం ఉన్న ఇద్దరిలో ఒకరు మామూలు బడిలో, ఇంకొకరు ఏరికోరి చేర్చుకునే బడిలో ఉంటే, రెండోవారు చదువులో తమను తక్కువ అంచనా వేసుకుంటారు. హెర్బర్ట్ మార్ష్ 1980ల్లో దీన్ని బయటపెట్టాడు. తర్వాత ఎన్నో దేశాల్లో ఇదే కనిపించింది. మంచి బడిలో సీటొస్తే పిల్లల ధీమా దానంతటదే పెరుగుతుందనుకునేవాళ్లు ఇది చూడాలి.

పొగడ్త విషయమూ ఇక్కడే తేల్చుకోవాలి. క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ 1998లో ఐదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చి, అందరికీ బాగా చేశారనే చెప్పారు. కొందరిని తెలివైనవాళ్లని మెచ్చుకున్నారు, కొందరిని కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కావాలని కష్టమైన పజిల్స్ ఇచ్చి ఓడించారు. ఆపైన మొదటివాటిలాంటివే మళ్లీ ఇస్తే తెలివి పొగడ్త విన్నవాళ్ల స్కోరు పడిపోయింది, కష్టం పొగడ్త విన్నవాళ్లది పెరిగింది. తమ స్కోరు ఎక్కువ చేసి చెప్పినవాళ్లూ మొదటి జట్టులోనే ఎక్కువ. ఒక పనికి ఇచ్చిన మెప్పును మనిషికి అంటించామనుకోండి, రేపటి ఓటమి కూడా మనిషికే అంటుకుంటుంది. దీన్ని పట్టుకుని బడుల్లో పుట్టుకొచ్చిన శిక్షణలు మాత్రం చెప్పుకున్నంత గొప్ప ఫలితాలేమీ ఇవ్వలేదు. లాభం ఉన్నచోట కూడా చిన్నదే.

ఒకరిలో నలుగురు

కౌమారంలో వర్ణన లోపలికి తిరుగుతుంది. సైకిళ్లు, మార్కులు వెనక్కిపోయి నమ్మకాలు, మూడ్‌లు, సిద్ధాంతాలు ముందుకొస్తాయి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో అధ్యయనం చేసిన పియాజే మాటల్లో ఇది అమూర్త ఆలోచన, అంటే కంటికి కనిపించని భావాలతో ఆలోచించడం, మొదలయ్యే వయసు. పన్నెండేళ్ల దగ్గర ఈ అమూర్త గుణాలు వేరువేరు గదుల్లో ఉంటాయి: ఇంట్లో నేను ముభావం, స్నేహితుల్లో సరదా, కొత్తవాళ్ల ముందు బిడియం. ఒక గదిలోంచి ఇంకో గది కనిపించదు కాబట్టి ఇబ్బంది లేదు.

తర్వాత గోడలు కూలతాయి. హార్టర్, ఆన్ మోన్సూర్ 1992లో ఏడు, తొమ్మిది, పదకొండు తరగతుల పిల్లలను తల్లిదండ్రులతో, స్నేహితులతో, మనసుపడిన మనిషితో, తరగతిలో తామెలా ఉంటారో రాయమన్నారు. రాసినవాటిలో ఒకదానికొకటి ఎదురు పడేవి ఏవో గీత గీసి చూపించమన్నారు. వాటిలో ఏవి లోపల నలుగుతున్నాయో కూడా చెప్పమన్నారు. ఏడో తరగతివాళ్లకు వైరుధ్యాలు పెద్దగా కనిపించలేదు, కనిపించినా బాధ లేదు. తొమ్మిదో తరగతిలో రెండూ ఒక్కసారి పెరిగాయి. పదకొండుకు కాస్త తగ్గాయి. తొమ్మిదో తరగతివాడి జీవితం ఏడో తరగతివాడి జీవితం కంటే దొంగబతుకేమీ కాదు. రెండు గుణాలను పక్కపక్కన పెట్టి, ఇవి పొసగవు అని చూడగలగడం కొత్తగా వచ్చింది. పొసిగించే ఉపాయం ఇంకా రాలేదు. ఆ ఉపాయం తర్వాతి ఏళ్లలో వస్తుంది: “నేను మనుషుల్ని బట్టి మారతాను, అదీ నేనే.” ఈ వాక్యం పదిహేడేళ్లవాడికి సుఖంగా నోట పడుతుంది. పద్నాలుగేళ్లవాడికి అదే వాక్యం పెద్దవాళ్లు చెప్పినా మింగుడు పడదు.

దీనికి తోడు డేవిడ్ ఎల్కైండ్ 1967లో వర్ణించిన ఊహా ప్రేక్షకులు వస్తారు. ఒక చిన్న మొటిమను బడి మొత్తం చూస్తోందన్న నమ్మకం. ఇతరులు ఏమనుకుంటున్నారో ఊహించగలగడం కొత్త శక్తి. వాళ్లకు వాళ్ల మొటిమల గొడవ ఉంటుందని తోచడానికి ఇంకా టైం పడుతుంది. ఇప్పుడు ఈ ప్రేక్షకులకు లైకుల రూపంలో అంకె కూడా దొరికింది కాబట్టి, ఊహ అని కొట్టిపారేయడం మునుపటంత తేలిక కాదు.

ఎరిక్సన్ ఈ వయసుకు పెట్టిన పేరు పాత్ర గుర్తింపు–పాత్ర సందిగ్ధం. ఆయన కన్నతండ్రి ఎవరో ఆయనకు ఎన్నడూ తెలియలేదు. సవతి తండ్రి ఇంటిపేరుతో పెరిగి, 1939లో అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు ఎరిక్సన్ అనే ఇంటిపేరు తనే పెట్టుకున్నాడు. గుర్తింపు అనే సమస్య ఆయనకు పుస్తకాల్లోంచి మాత్రమే వచ్చింది కాదు.

ఎరిక్సన్ ఆలోచనను 1966లో జేమ్స్ మార్సియా కొలవదగ్గ రూపంలో పెట్టాడు. రెండే ప్రశ్నలు: తన దారి ఏదో వెతికాడా? ఒకదానికి కట్టుబడి కుదురుకున్నాడా? వెతికి కుదురుకున్నవాళ్లు ఒక రకం. వెతుకుతూ ఇంకా తేల్చుకోనివాళ్లు ఇంకో రకం. వెతకనూ లేదు, పట్టించుకోనూ లేదు, అది మూడో రకం. అసలు వెతక్కుండానే, ఇంట్లో చెప్పిన చదువు, ఇంట్లో చెప్పిన నమ్మకం తనవిగా తీసుకుని కుదురుకున్నవాళ్లు నాలుగో రకం. పైకి చూస్తే నాలుగో రకం పిల్లలే బుద్ధిమంతులు. లక్ష్యం ఉంటుంది, గందరగోళం ఉండదు, ఇంటికి తలనొప్పి ఉండదు. రెండో రకంవాళ్లు నెలకో కోర్సు పేరు చెబుతారు, వాదిస్తారు, నిద్ర పాడుచేసుకుంటారు. ఆందోళన కొలతల్లో ఎక్కువ వచ్చేదీ వీళ్లకే. అయినా వెతికి కుదురుకునే చోటికి సాధారణంగా ఈ రెండో రకంలోంచే దారి ఉంటుంది. నాలుగో రకం చెడ్డదని కాదు. చాలామంది అలాగే సుఖంగా బతుకుతారు. కానీ ప్రశాంతతను పరిపక్వతకు గుర్తుగా తీసుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది.

ఇంతకీ కౌమారంలో ఆత్మగౌరవం కుప్పకూలుతుందన్న మాట ఎంతవరకు నిజం? ఉల్రిచ్ ఓర్త్ బృందం 2018లో దీర్ఘకాలిక అధ్యయనాలను పోగేసి చూసింది. సగటున అది నాలుగు నుంచి పదకొండేళ్ల దాకా పెరిగింది, పదకొండు నుంచి పదిహేను దాకా ఉన్నచోటే ఆగింది, ఆ తర్వాత ముప్ఫై దాకా గట్టిగా పెరిగింది. సగటులో కూలడం లేదు, ఆగడం ఉంది. సగటు కింద నిజంగా కూలిపోతున్న పిల్లలు ఉండొచ్చు. వారాల తరబడి నిద్ర, తిండి, బడి అన్నీ దెబ్బతింటే, తనను తాను గాయపరచుకునే మాటలు వస్తే, దాన్ని వయసు ఖాతాలో వేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇక ఆత్మగౌరవం పెంచితే మార్కులూ నడవడికా వాటంతటవే బాగుపడతాయన్న ఆశకు, రాయ్ బౌమైస్టర్ బృందం 2003లో చేసిన సమీక్ష గండికొట్టింది. రెండింటికీ సంబంధం ఉంది గానీ చాలావరకు కారణం అటునుంచి ఇటు వస్తోంది: బాగా చేసిన పిల్లలకు తమ మీద మంచి అభిప్రాయం కలుగుతోంది. గోడ మీద “నేను గొప్పవాణ్ణి” అని రాయించడంకంటే, చేతికి అందేంత కష్టమైన పని ఒకటి ఇచ్చి పక్కన ఉండటమే ఎరిక్సన్ శ్రమశీలతకు దగ్గర.

కౌమారం ముగిసేసరికి ఇదంతా తేలిపోతుందని పాత పట్టికలు సూచిస్తాయి. జేన్ క్రోగర్, మోనికా మార్టినుస్సెన్, మార్సియా కలిసి 2010లో అందుబాటులో ఉన్న అధ్యయనాలను కలిపి చూస్తే, వెతికి కుదురుకున్నవాళ్ల వాటా ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. అయినా యౌవనంలోకి అడుగుపెట్టినవాళ్లలో చాలామంది ఆ గడప ఇంకా దాటలేదు.